ముందు నీళ్ల నెల, తర్వాతే టికెట్లు: ప్రపంచ జలపాతాలకు ప్రయాణం వేసుకోవడం ఎలా

కాలిఫోర్నియాలోని యోసెమిటీ జలపాతం ఎత్తు 739 మీటర్లు. మే నెలలో వెళ్తే దగ్గరికి చేరకముందే దాని హోరు వినిపిస్తుంది. అదే జలపాతాన్ని ఆగస్టు నెలాఖరులో చూడబోతే చాలా ఏళ్లలో కనిపించేది ఎండిన బండ, దాని మీద నీళ్లు కారిన చార. దాని వెనక పెద్ద సరస్సు లేదు, హిమానీనదమూ లేదు. చలికాలంలో కొండల మీద పడ్డ మంచు కరిగినన్నాళ్లే అక్కడ నీళ్లు. అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్లిన అమ్మానాన్నలను ఊళ్లు తిప్పేది ఎక్కువగా వేసవి సెలవుల్లోనే. "ఇండియా వెళ్లిపోయే ముందు యోసెమిటీ చూపిద్దాంలే" అని ఆగస్టుకు పెట్టుకుంటే, అంతసేపు కారులో కూర్చున్నందుకు మిగిలేది ఆ చారే. లోయ అందం ఎక్కడికీ పోదనుకోండి, కానీ వాళ్లకు చెప్పి తీసుకెళ్లింది జలపాతం అని.

తాజ్‌మహల్ ఏ నెలలో వెళ్లినా ఒకేలా ఉంటుంది. జలపాతం అలా కాదు. అందుకని సెలవులు చూసుకుని, టికెట్లు కొని, హోటల్ మాట్లాడుకుని, చివర్లో ఏం చూడాలో ఆలోచించే మామూలు వరస ఇక్కడ పనికిరాదు. నీళ్లు ఏ నెలలో ఎలా ఉంటాయో ముందు తేల్చుకోండి. సెలవులు దానికి కుదరకపోతే జలపాతాన్నే మార్చుకోండి. మీకు దొరికిన నెలలో నిండుగా ఉండే జలపాతం ప్రపంచంలో ఎక్కడో ఒకచోట ఉండే ఉంటుంది.

మొదట: ఆ నదికి నీళ్లు ఎక్కడి నుంచి వస్తున్నాయో చూడండి

మంచు కరిగి వచ్చే నీళ్లా, వాన నీళ్లా, లేక సరస్సో ఆనకట్టో వదిలే నీళ్లా? ఈ ఒక్క ప్రశ్నకు జవాబు దొరికితే సగం పని అయిపోయినట్టే.

మంచు నీళ్లయితే వసంతం నుంచి వేసవి నడిమి దాకా చూడాలి. యోసెమిటీకి మే, జూన్ మొదటి వారాలు. స్విట్జర్లాండ్‌లో షాఫ్‌హౌజన్ దగ్గరున్న రైన్ జలపాతానికి జూన్, జూలై. ఆల్ప్స్ మంచు అప్పుడే బాగా కరుగుతుంది. ఎత్తు 23 మీటర్లే, వెడల్పు మాత్రం 150 మీటర్లు. జ్యూరిక్ నుంచి రైల్లో గంట దూరం. ప్యాకేజీ టూర్ల వాళ్లు దీన్ని గంటన్నరలో ముగించేస్తారని కొందరు విసుక్కుంటారు గానీ, నన్నడిగితే దీనికి ఆపాటి సమయం సరిపోతుంది. ఐస్‌లాండ్ జలపాతాలు చాలావరకు హిమానీనదాల నుంచి వచ్చేవి కాబట్టి ఏడాదంతా పారుతూనే ఉంటాయి. కానీ 60 మీటర్ల సెల్యాలాండ్స్‌ఫాస్ ధార వెనక్కి వెళ్లే దారి చలికాలంలో గడ్డకట్టి మూసేస్తారు. ధార వెనక నడవడమే దాని ప్రత్యేకత కాబట్టి వేసవిలో వెళ్తేనే మేలు.

వాన నీళ్ల సంగతి మనకు ఒకరు చెప్పక్కర్లేదు. కుంటాలకు, బొగతకు మార్చిలో ఎవరూ బయల్దేరరు. అయితే పెద్ద నదుల విషయంలో ఒక మెలిక ఉంది. జలపాతం దగ్గర వాన పడే నెలా, నీళ్లు నిండే నెలా ఒకటే కానక్కర్లేదు. వాన వందల కిలోమీటర్ల పైన పడి, ఆ నీళ్లు మెల్లగా దిగి రావచ్చు. దీని గురించి విక్టోరియా దగ్గర వివరంగా చెప్తాను. వెనెజులాలోని ఏంజెల్ జలపాతం (979 మీటర్లు, ప్రపంచంలో అన్నిటికన్నా ఎత్తైనదని పేరు) దగ్గరికి రోడ్డే లేదు. చిన్న విమానంలో కనైమా చేరి, అక్కడి నుంచి నది మీద పడవలో వెళ్లాలి. వానాకాలంలో నదిలో నీళ్లుంటేనే ఆ పడవలు నడుస్తాయి. ఆ దేశపు పరిస్థితులను బట్టి చూస్తే, మొదటిసారి జలపాతాల ప్రయాణం చేసేవాళ్లకు నేను దీన్ని చెప్పను.

ఇక మూడో రకం, మనిషి కుళాయి తిప్పే జలపాతాలు. కర్ణాటకలో శరావతి మీదున్న జోగ్ 253 మీటర్ల నుంచి దూకుతుంది. పైన లింగనమక్కి ఆనకట్ట 1964లో వచ్చింది. ఆ జలాశయం నిండి గేట్లు ఎత్తితే జోగ్ నిండుగా ఉంటుంది, లేకపోతే రాజా, రాణి ధారలు సన్నగా వేలాడుతుంటాయి. వానాకాలమే కదా అని జూన్‌లో వెళ్తే తొందరపడ్డట్టే. ఆగస్టు, సెప్టెంబరుల్లో జలాశయం వార్తలు చూసుకుని బయల్దేరండి.

నయాగరా కూడా ఈ రకమేనంటే చాలామంది నమ్మరు. అమెరికా, కెనడాల మధ్య 1950లో ఒక ఒప్పందం జరిగింది. దాని ప్రకారం ఏప్రిల్ 1 నుంచి అక్టోబరు 31 దాకా పగటిపూట జలపాతం మీదుగా కనీసం లక్ష క్యూసెక్కులు వదలాలి. రాత్రుళ్లు, చలికాలంలో 50 వేల క్యూసెక్కులు వదిలితే చాలు. మిగతా నీళ్లు సొరంగాల గుండా కరెంటు తయారీకి పోతాయి. ప్రకాశం బ్యారేజీ నుంచి లక్ష క్యూసెక్కులు వదిలారని పేపర్లో చదివినప్పుడల్లా మన మనసులో ఒక అంచనా మెదులుతుంది కదా, సరిగ్గా అంత నీరు. 'పగలు' ఎప్పటి నుంచి ఎప్పటి దాకా అన్నది కూడా ఒప్పందంలోనే రాసుకున్నారు. ఏప్రిల్ నుంచి సెప్టెంబరు 15 వరకు ఉదయం 8 నుంచి రాత్రి 10, ఆ తర్వాత అక్టోబరు చివరి వరకు రాత్రి 8 దాకా. రంగుల దీపాల కోసమని రాత్రి బాగా పొద్దుపోయాక వెళ్లేవాళ్లు చూసేది సగం నయాగరానే. 1969లోనైతే రాళ్లను పరిశీలించడానికని ఇంజనీర్లు అమెరికా వైపు జలపాతాన్ని కొన్ని నెలలపాటు పూర్తిగా ఆపేశారు. ఆ ఎండిన కొండను చూడటానికి కూడా జనం ఎగబడ్డారట!

రెండోది: ఎన్ని నీళ్లు కావాలో మీరే తేల్చుకోండి

నీళ్లు ఎంత ఎక్కువుంటే అంత బాగుంటుందని అనుకుంటాం. ఆ మాట తప్పని తెలియాలంటే విక్టోరియా జలపాతాన్ని చూడాలి.

జాంబియా, జింబాబ్వేల సరిహద్దులో జాంబెజీ నది 1,708 మీటర్ల వెడల్పున, 108 మీటర్ల లోతున్న ఇరుకు లోయలోకి ఒక్కసారిగా పడుతుంది. 1855లో డేవిడ్ లివింగ్‌స్టన్ తన రాణి పేరు పెట్టాడు గానీ, అక్కడివాళ్లకు అది అంతకుముందు నుంచీ మోసి-ఓవా-తున్యా, అంటే ఉరిమే పొగ. అక్కడ వానలు డిసెంబరు నుంచి ఫిబ్రవరి వరకు పడతాయి. కానీ నది నిండేది ఏప్రిల్‌లో. అంగోలా, వాయవ్య జాంబియాల్లో పడ్డ నీళ్లు బరోట్సే అనే విశాలమైన పల్లపు మైదానంలో పరుచుకుని, తీరిగ్గా దిగివస్తాయి. వానలు బాగా పడిన ఏడాది ఏప్రిల్‌లో లక్ష క్యూసెక్కులు దాటే నది, అక్టోబరు, నవంబరుల్లో అందులో పదో వంతుకు పడిపోతుంది.

ఇప్పుడు నెల ఎంచుకోండి. మార్చి నుంచి మే మధ్యలో వెళ్తే తుంపర 400 మీటర్లు దాటి పైకి లేస్తుంది. చాలా దూరం నుంచే తెల్లటి మేఘంలా కనిపిస్తుంది. నేల అదురుతుంది, ఒళ్లంతా తడిసిపోతుంది. కానీ లోయ అంచున నిలబడితే జలపాతం మాత్రం కనిపించదు, ఎదురుగా తెల్లటి తెర ఒక్కటే. ఆ నెలల్లో దాన్ని పూర్తిగా చూడాలంటే హెలికాప్టర్ ఎక్కాల్సిందే, దానికి డబ్బు గట్టిగానే పెట్టాలి. అక్టోబరు, నవంబరుల్లో వెళ్తే లోయ, రాయి, ధారలు అన్నీ అద్దంలా కనిపిస్తాయి. జాంబియా వైపు చాలా భాగం ఎండిపోయి ఉంటుంది. ఆ నీళ్లు తగ్గిన కాలంలోనే, ఇంచుమించు ఆగస్టు నడిమి నుంచి జనవరి మొదటి వారాల దాకా, లివింగ్‌స్టన్ దీవి నుంచి గైడుతో కలిసి జలపాతం అంచునే ఉన్న డెవిల్స్ పూల్ అనే మడుగులోకి దిగనిస్తారు. జూన్ చివర నుంచి ఆగస్టు వరకు మధ్యస్థం: హోరూ ఉంటుంది, చూపూ ఆనుతుంది, ఎండ కూడా మరీ ఎక్కువుండదు. ఒక్కసారే వెళ్లగలిగేవాళ్లకు నా ఓటు జూలైకే.

అర్జెంటీనా, బ్రెజిల్ సరిహద్దులోని ఇగ్వాసులో ఇదే విషయం ఇంకోలా ఉంటుంది. 2.7 కిలోమీటర్ల పొడవునా దాదాపు 275 ధారలు పడే చోటది. నది మామూలుగా 50, 60 వేల క్యూసెక్కులతో పారుతుంది. 2023 అక్టోబరు చివర్లో వరద వచ్చి 8 లక్షల క్యూసెక్కులు దాటింది. అంత నీరు వస్తే చూసే చోటికి నడిపించే వంతెనలే మూసేస్తారు, కొన్ని కొట్టుకుపోతాయి కూడా. వరద కచ్చితంగా ఏ వారం వస్తుందో ఎవరూ చెప్పలేరు. మార్చి నుంచి మే, లేదా ఆగస్టు, సెప్టెంబరు అయితే ఎండా జనమూ భరించేలా ఉంటాయి. ఒక రోజు అదనంగా పెట్టుకోండి, అంతకుమించి చేయగలిగింది లేదు.

ఇగ్వాసుకు దగ్గర్లోనే, పరానా నది మీద గ్వాయిరా అనే జలపాతం ఉండేది. నీళ్ల పరిమాణంలో నయాగరాను మించినది. ఇతైపు ఆనకట్ట జలాశయం కింద 1982లో మునిగిపోయింది. వీలున్నప్పుడు చూసెయ్యమని పెద్దవాళ్లు అనేది ఇలాంటివాటి గురించేనేమో.

మూడోది: ఏ ఒడ్డు?

పెద్ద జలపాతాలు చాలావరకు రెండు దేశాల మధ్య ఉన్నాయి. ఒడ్డు మారితే దృశ్యం మారుతుంది, వీసా కూడా మారుతుంది.

నయాగరాను ఎదురుగా నిలబడి మొత్తంగా చూడాలంటే కెనడా ఒడ్డు. గుర్రపు నాడా ఆకారంలో ఉన్న పెద్ద జలపాతమూ, అమెరికా వైపున్న రెండూ ఒకే చూపులో కనిపిస్తాయి. నీళ్ల పక్కనే నడవాలంటే అమెరికా ఒడ్డు. అక్కడి స్టేట్ పార్కు 1885 నాటిది, ప్రవేశ రుసుము లేదు, పార్కింగుకు మాత్రం కట్టాలి. గోట్ ఐలాండ్ నుంచి లిఫ్టులో దిగి 'కేవ్ ఆఫ్ ది విండ్స్' చెక్కమెట్ల మీద బ్రైడల్ వెయిల్ ధారకు అతి దగ్గరగా వెళ్లొచ్చు. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకు ఆ మెట్లు కష్టం. వాళ్లకు 'మెయిడ్ ఆఫ్ ది మిస్ట్' పడవ మేలు, అక్కడికీ లిఫ్టు ఉంది. పడవలు వసంతం చివర నుంచి నవంబరు మొదటి రోజుల దాకే నడుస్తాయి. చలికాలంలో వెళ్లాల్సి వస్తే కెనడా వైపు జలపాతం వెనక సొరంగాల్లోకి తీసుకెళ్లే 'జర్నీ బిహైండ్ ది ఫాల్స్' ఏడాదంతా తెరిచే ఉంటుంది.

ఇగ్వాసులో రెండు ఒడ్లూ చూడాలి, ఇందులో బేరం లేదు. బ్రెజిల్ వైపు పూట సరిపోతుంది, అక్కడ మొత్తం దృశ్యం కనిపిస్తుంది. అర్జెంటీనా వైపు రోజంతా పడుతుంది. పార్కులోని చిన్న రైలెక్కి, నది మీద కిలోమీటరు పైచిలుకు వంతెన నడిచి 'గర్గంతా దెల్ దియాబ్లో' అనే పెద్ద ధార అంచుకు చేరాలి. కాళ్లలో ఓపిక ఉండగానే, పొద్దున్నే ముందు అక్కడికి వెళ్లండి. విక్టోరియాలో ఒక్క ఒడ్డుకే డబ్బూ సమయమూ ఉంటే జింబాబ్వే వైపు వెళ్లండి. నీళ్లు తగ్గిన నెలల్లో కూడా అటు ధార ఆగదు.

నాలుగోది: కాగితాలు

ఒడ్డు దాటి తిరిగి రావాలంటే మొదటి దేశం వీసా మల్టిపుల్ ఎంట్రీ అయ్యుండాలి. ఇది మర్చిపోయి వంతెన ఈవలే ఉండిపోయేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. జాంబియా, జింబాబ్వేలకు కలిపి 'కాజా యూనివీసా' అనే ఉమ్మడి వీసా ఉంది. మీ పాస్‌పోర్టుకు అది వర్తిస్తుందా, ఆ రోజుల్లో ఇస్తున్నారా అన్నది బయల్దేరే ముందు చూసుకోండి.

అమెరికాలో గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లకు కెనడా వీసా అక్కర్లేదు, భారత పాస్‌పోర్టు, గ్రీన్‌కార్డు చూపిస్తే చాలు. హెచ్-1బి మీద ఉన్నవాళ్లకు, పర్యాటక వీసా మీద వచ్చిన అమ్మానాన్నలకు కెనడా వీసా కావాలి. పాస్‌పోర్టులోని హెచ్-1బి వీసా స్టాంపు గడువు దాటినా, ఐ-94 (అమెరికాలో ఎప్పటిదాకా ఉండొచ్చో చెప్పే ప్రవేశ పత్రం) చెల్లుబాటులో ఉంటే 30 రోజుల్లోపు కెనడా వెళ్లి తిరిగి వచ్చే వెసులుబాటు ఉంది. దానికీ షరతులున్నాయి, కంపెనీ లాయరును ఒక మాట అడిగి వెళ్లండి.

బ్రెజిల్, అర్జెంటీనా వెళ్లేవాళ్లు ఎల్లో ఫీవర్ టీకా మరవద్దు. ఆ ధ్రువపత్రం లేకుండా తిరిగి ఇండియాలో దిగితే ఆరు రోజుల దాకా క్వారంటైన్‌లో పెట్టొచ్చు. టీకా వేయించుకున్న పది రోజుల తర్వాతే పత్రం చెల్లుతుంది కాబట్టి చివరి వారం దాకా ఆగొద్దు. ఇది అన్ని ఆసుపత్రుల్లో వెయ్యరు, ప్రభుత్వం అనుమతించిన కేంద్రాల్లోనే. హైదరాబాద్‌లో నారాయణగూడలోని ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్)లో వేస్తారు. గుడ్డు పడనివాళ్లు, అరవై దాటినవాళ్లు డాక్టరుతో ముందే మాట్లాడాలి. విక్టోరియాకు ఇథియోపియా, కెన్యాల మీదుగా విమానం మారుతున్నా ఈ నియమం గురించి ఒకసారి కనుక్కోండి.

ఐదోది: ఏ వేళకు నిలబడాలి

హరివిల్లు కావాలంటే సూర్యుడు మీ వీపు వెనక ఉండాలి, తుంపర ఎదురుగా ఉండాలి. నయాగరాలో కెనడా ఒడ్డున నిలబడినవాళ్లు తూర్పు వైపు చూస్తారు కాబట్టి వాళ్లకు మధ్యాహ్నం తర్వాత కనిపిస్తుంది. అమెరికా ఒడ్డు వాళ్లకు ఉదయంపూట. మిట్ట మధ్యాహ్నం సూర్యుడు నెత్తి మీదుంటే ఎదురుగా వెతకొద్దు, రెయిలింగ్ పట్టుకుని కిందికి, లోయలోకి చూడండి.

పౌర్ణమి రాత్రి వెన్నెల హరివిల్లు కూడా వస్తుంది. విక్టోరియాలో నీళ్లెక్కువుండే నెలల్లో పౌర్ణమి రోజులకు పార్కును రాత్రి కూడా తెరుస్తారు. యోసెమిటీలో ఏప్రిల్ నుంచి జూన్ వరకు వీలుంటుంది. కంటికి తెల్లటి విల్లులా కనిపిస్తుంది. ఆ మసక వెలుగులో మన కళ్లు రంగుల్ని పట్టుకోలేవు. ఫోనును స్టాండు మీద పెట్టి నైట్ మోడ్‌లో కొన్ని సెకన్లు ఉంచితే రంగులు ఫోటోలో బయటపడతాయి.

ఆరోది: తడవడానికి సిద్ధమై వెళ్లండి

నయాగరా పడవల్లో పల్చటి ప్లాస్టిక్ పోంచో ఇస్తారు, అమెరికా వైపు నీలం, కెనడా వైపు ఎరుపు. అది మోకాళ్ల దాకే. అమ్మ చీరలో వస్తే కుచ్చిళ్లు తడిసి బరువెక్కి కాళ్లకు చుట్టుకుంటాయి, తడి డెక్ మీద అది ప్రమాదం. ఆ ఒక్క పూటకు చుడీదార్ ఒప్పించండి. జీన్స్ కూడా వద్దు, ఒకసారి తడిస్తే సాయంత్రానికీ ఆరదు. వెనక పట్టీ ఉన్న చెప్పులు మంచివి, హవాయి చెప్పులు జారతాయి. వినికిడి మిషన్ పెట్టుకునేవాళ్లు పడవ ఎక్కే ముందే తీసి డబ్బాలో పెట్టుకోవాలి. పాస్‌పోర్టులు జిప్ కవర్లో పెట్టాలి. కళ్లజోడు తుడుచుకోవడానికి ఒక పొడి గుడ్డ లోపలి జేబులో ఉంటే చాలా నయం, బయటి జేబులోది మీకన్నా ముందే తడుస్తుంది.

ఇగ్వాసులో ధారల కిందికి తీసుకెళ్లే పడవల్లో రెయిన్‌కోటు వల్ల ఒరిగేదేమీ లేదు. మారు బట్టలు తీసుకెళ్లి, పడవను రోజులో చివరికి పెట్టుకోండి. విక్టోరియాలో గేటు దగ్గరే రెయిన్‌కోట్లు అద్దెకిస్తారు. చిన్న డాలర్ నోట్లు దగ్గరుంచుకోండి.

తినేవి బయటికి తీసేముందు చుట్టూ చూడండి. ఇగ్వాసులో క్వాటీలనే పొడుగు ముక్కు జంతువులు, విక్టోరియాలో బబూన్ కోతులు చేతిలోది లాక్కుపోతాయి. పులిహోర డబ్బా గది దగ్గరే ఖాళీ చేసి వెళ్లండి.

ఏడోది: ఎక్కడ నిలబడకూడదు

పాకుడు పట్టిన రాయి ఎండలో ఆరినట్టు కనిపిస్తుంది గానీ కాలు పెడితే జారుతుంది. జలపాతం పైన, అంచుకు ముందు నది నిదానంగా ఉన్నట్టుంటుంది. అక్కడ మోకాళ్ల లోతు నీళ్లు కూడా మనిషిని లాక్కుపోగలవు. కింద మడుగులో ధార పడే చోటికి ఈదకండి, ఆ నీళ్లు కిందికి గుంజుతాయి. రెయిలింగ్ లేని చిన్న జలపాతాల దగ్గర ఒక గుర్తు పెట్టుకోండి. తేటగా ఉన్న నీళ్లు ఉన్నట్టుండి బురదరంగుకు తిరిగినా, ఆకులూ పుల్లలూ కొట్టుకొస్తున్నా పైన ఎక్కడో వాన పడిందని అర్థం. మీ నెత్తిన ఎండ కాస్తున్నా సరే, సామాన్లు వదిలేసి ముందు ఎత్తుకు ఎక్కండి.

బయల్దేరే ముందు రోజు రాత్రి ఆ పార్కు అధికారిక పేజీలో ఏ దారులు మూసి ఉన్నాయో చూసుకోండి. మూసి ఉంటే, అదనంగా పెట్టుకున్న రోజును వాడేది ఇప్పుడే. ఇగ్వాసు అర్జెంటీనా వైపు రెండో రోజు కూడా రావాలనిపిస్తే, మొదటి రోజు బయటికి వచ్చే ముందే కౌంటర్లో టికెట్ చూపించి రాయితీ ఉందేమో అడగండి. గేటు దాటాక గుర్తొస్తే లాభం లేదు.